ఆరింటి నీళ్లు

ఆ ఊరి మునిసిపాలిటీకి పెద్ద ఎవరని అడిగితే సగం మంది తల గోక్కుంటారు. తాళం బాబాయి ఎవరని అడిగితే మాత్రం ఇంకా మాటలు సరిగా రాని పిల్ల కూడా వేలెత్తి చూపిస్తుంది. భుజం మీద మనిషెత్తు ఇనప కడ్డీ, దానికి పైన అడ్డపిడి, కింద వాల్వు తలకు పట్టే గాడి. అదే ఆయన తాళం. దాన్ని పెట్టి తిప్పితే తొమ్మిది వీధులకు నీళ్లు వస్తాయి, తిప్పకపోతే రావు. అంత అధికారం ఇంకొకరి చేతిలో ఉంటే నడకే మారిపోయేది. ఈయన ముప్ఫై మూడేళ్లుగా అవే అరిగిన చెప్పులతో, గోడవారగా, ఎదురొచ్చిన ప్రతివాడికీ తనే పక్కకు తప్పుకుంటూ నడుస్తున్నాడు.

పంతొమ్మిదో ఏట గుంతలు తవ్వే కూలీగా చేరాడు. చదువు అయిదో తరగతితో సరి. అయితేనేం, భూమిలో ఏ పైపు ఎక్కడ వంపు తిరిగిందో, ఏ జాయింటు దగ్గర చెమ్మ ఊరుతుందో ఆయన బుర్రలో ఉన్నంత వివరంగా ఆఫీసు మ్యాపులో కూడా లేదు. వాల్వు మీద తాళం పెట్టి, పిడికి చెవి ఆనించి వింటాడు. లోపల నీళ్లు నిండుగా వెళ్తున్నాయా, గాలి కలిసి వెళ్తోందా, ఎక్కడైనా కారుతోందా, అన్నీ ఆ చెవికి తెలిసిపోతాయి. ట్యాంకు పక్కనున్న మొదటి వీధికి మూడు తిప్పులు చాలు. తొమ్మిదో వీధికి, అదే అందరూ చివరి వీధి అనేదానికి, పద్నాలుగు తిప్పులు తిప్పాలి. అంత తిప్పినా అక్కడికి చేరేసరికి ధార చిటికెన వేలంత అవుతుంది.

ఆ చివరి వీధిలోనే ఆయన అక్క ఉంటుంది. అమ్మ పోయాక ఆరేళ్ల పిల్లాణ్ని చంకనేసుకుని పెంచిన అక్క. ఇప్పుడు అరవై దాటింది, మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, నోరు మాత్రం ఇసుమంత కూడా అరగలేదు. "ఊరందరి దాహం తీర్చే తమ్ముడున్నాడమ్మా నాకు. మా ఇంటికి మాత్రం వాడి పైపులోంచి గాలి వస్తుంది" అని వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెబుతుంది, తమ్ముడు వినేలా. ఆయన నవ్వి ఊరుకుంటాడు. అక్క కోసం ఒక్క తిప్పు ఎక్కువ తిప్పిన రోజు లేదు. ఎనిమిదో వీధి వాళ్లకు మాత్రం అక్కలు ఉండరా అంటాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువులో నిలబెట్టిన కొలబద్ద మీద నీళ్లు వారానికి రెండు గీతల చొప్పున దిగిపోతున్నాయి. పదిహేనో గీత దగ్గర ఉండగా ఇంజినీరు గారు బాబాయిని పిలిపించాడు.

"అయిదో గీతకి దిగిందంటే చివరి వీధి లైను కట్టేద్దామయ్యా. అక్కడికి వెళ్లేదీ అంతంతమాత్రమే. రెండు రోజులకో ట్యాంకరు పంపుదాం. వానలు పడ్డాక చూసుకోవచ్చు."

కాగితం మీద అది ముచ్చటగానే ఉంది. ట్యాంకరు అంటే ఏమిటో బాబాయికి తెలుసు. వీధి మొగలో ఆగుతుంది, పది నిమిషాలు జుట్లు పట్టుకునేంత తోపులాట, ఆ తరవాత నిండిన బిందెను ఇంటిదాకా మోసుకోవాలి. అక్క గడప దిగడమే గోడ పట్టుకుని దిగుతుంది. పైగా ఒకసారి కట్టేసిన లైను మళ్లీ తెరిచిన సంగతి ఆయన సర్వీసులో ఒక్కటీ లేదు. అయినా ఇంకేమనాలో తోచక "అలాగే సార్" అని బయటికొచ్చేశాడు.

సరిగ్గా ఆ వారమే విశ్వవిద్యాలయం నుంచి సర్వే అమ్మాయి దిగింది. మనుషులు ఒకటి అనుకుని మరొకటి ఎందుకు చేస్తారు, నీళ్ల దగ్గరా కరెంటు దగ్గరా చెత్త దగ్గరా వాళ్ల అలవాట్లను ఎలా మార్చవచ్చు అన్నది ఆమె చదువట. దానికి కూడా ఒక చదువుందా అని ఆఫీసంతా నవ్వుకుంది. ఇంజినీరు గారు ఆమెను వదిలించుకోవడానికి తెలివిగా బాబాయికి అంటగట్టాడు. ఆమె వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి నలభై ప్రశ్నల కాగితాలు నింపించింది. మీరు నీళ్లు వృథా చేస్తారా అని అడిగితే ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. మేమా, చుక్క కూడా పోనివ్వం, ఆ పక్కింటివాళ్లని అడగండి అన్నారు. పక్కింటివాళ్లూ అదే మాట అన్నారు.

"ఎవరూ వృథా చెయ్యట్లేదు బాబాయ్ గారూ. మరి చెరువెలా దిగిపోతోంది?" అంది ఆమె నీరసంగా.

"మనిషిని అడిగితే మంచి మాటే చెబుతాడమ్మా. నన్నడిగినా అంతే. రేపు నీళ్లు వదిలే రోజు. నాతో వచ్చి మురుగు కాలువని చూడు. దానికి మొహమాటం ఉండదు."

ఆ రోజుల్లో నీళ్లు మూడు రోజులకోసారి వదిలేవారు, వదిలితే గంటన్నర. మర్నాడు పొద్దున అయిదున్నరకే ఇద్దరూ ఊరి కొసనున్న కల్వర్టు దగ్గరికి వెళ్లారు. నీళ్లు వదిలాక ఎవరెవరి కుళాయిలు పొంగి పొర్లుతాయో చూపించాలని బాబాయి ఉద్దేశం. తీరా వెళ్లేసరికి కాలువ అప్పటికే మోకాలి లోతున బిరబిరా పారుతోంది.

"ఇంకా వాల్వులు తిప్పలేదుగా. ఈ నీళ్లెక్కడివి?" అంది సర్వే అమ్మాయి.

"పాత నీళ్లు పారబోస్తారమ్మా. కొత్త నీళ్లు పట్టుకోవాలిగా." ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు తేలిగ్గా అనేసి, బాబాయి కాలువలోకి మళ్లీ తొంగి చూశాడు.

ముప్ఫై మూడేళ్లు. వదిలే రోజు పొద్దున కాలువ పారడం సూర్యుడు పొడవడం లాంటిదే అనుకున్నాడాయన. మూడు రోజులకు సరిపడా కాదు, ఆరు రోజులకు సరిపడా పట్టుకుంటారు. ఎందుకంటే మళ్లీ ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసు? సగం వాడతారు. నాలుగో రోజుకి మిగిలిన సగం వాళ్ల కళ్లకు పాతబడిపోతుంది, కడుపునిండా తాగగలిగే నీళ్లు కాస్తా కాలువలో పడతాయి. ప్రతి ఇల్లూ నిజమే చెప్పింది. పారబోసింది నీళ్లు కాదు, పాత నీళ్లు. అది వృథా కింద ఎవరి లెక్కలోనూ లేదు.

సర్వే అమ్మాయి కల్వర్టు గోడకు స్కేలు అంటించింది. వరసగా మూడు విడతలు కొలిచింది. మొదటిసారీ మూడోసారీ నీళ్లు ఒకేలా ఉన్నాయి, నడిమి విడతలో మాత్రం నాలుగు వేళ్లు తక్కువ. ఆ రోజు ఏం జరిగిందని ఆమె అడిగింది. బాబాయి ఎంత గింజుకున్నా తట్టలేదు.

"ఏం జరగలేదమ్మా. ముందురోజు మైకు బ్యాటరీ అయిపోయింది, చాటింపు వెయ్యలేదు. అంతే."

"మైకులో ఏం చెబుతారు?"

బాబాయి గొంతు సవరించుకుని, సైకిలు మీద ఊరంతా తిరుగుతూ ఎనిమిదేళ్లుగా చెబుతున్నది చెప్పాడు. రేపు నీళ్లు వస్తాయి. చెరువు తగ్గిపోతోంది. మళ్లీ వస్తాయో రావో చెప్పలేం. దయచేసి పొదుపుగా వాడుకోండి. ఆ పని ఎవరూ చెయ్యమనలేదు. ఒకసారి ఎవరో ముసలావిడ నిద్రపోయి నీళ్లు పట్టుకోలేదని ఏడిస్తే చూడలేక, తన సొంత బుద్ధితో మొదలుపెట్టాడు. చివరి మాట పూర్తి కాకముందే ఆయన తల తిప్పి కాలువకేసి చూశాడు.

"పొదుపు అన్న మాట ఎవరికీ వినపడలేదమ్మా. రావో అన్నదే వినపడింది. నేనే భయపెట్టాను. ఉన్న గిన్నెలన్నీ నేనే నింపించి, నేనే పారబోయించాను."

అంత మాట ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఇంకొకడైతే స్కేలు తప్పంటాడు, అమ్మాయి తప్పంటాడు, కాలువ తప్పని కూడా అంటాడు. ఈ మనిషి తప్పు తన నెత్తిన వేసుకుని కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు.

"దీనికి మా చదువులో ఒక పేరుంది బాబాయ్ గారూ" అంది ఆ అమ్మాయి, ఓదార్చడం చేతగాక.

"పేరు తరవాత పెట్టుకుందాం. మందుంటే చెప్పు."

మందు ఆమె దగ్గర సగమే ఉంది. రేపు తప్పకుండా వస్తాయన్న నమ్మకం ఉంటే ఎవరూ దాచుకోరంది. మిగతా సగం బాబాయి కలిపాడు. నమ్మండి అని మైకులో చెబితే నమ్మకం రాదు, అది పొద్దున్నే కుళాయిలోంచి రావాలి. మూడు రోజులకోసారి గంటన్నర బదులు రోజూ అరగంట వదలాలి. అన్ని వీధులకూ ఒకేసారి, సరిగ్గా ఆరింటికి. ఒక నిమిషం అటూ ఇటూ కాకూడదు. మైకు అటకెక్కించాలి.

ఇంజినీరు గారు ఒంటికాలి మీద లేచాడు. "రోజూ ఇస్తే రోజూ పారబోస్తారయ్యా. వాళ్లని ఎండగడితేనే బుద్ధొస్తుంది."

"ముప్ఫై మూడేళ్లు ఎండగట్టాం సార్. రాలేదుగా. ఒక్క నెల ఇవ్వండి. మొత్తం మీద వదిలేది అంతే కదా."

"అయిదో గీత వస్తే మాత్రం మాట్లాడకుండా లైను కట్టేస్తావు, ఆ?"

"నా చేత్తోనే కట్టేస్తాను."

అప్పటికి చెరువు పన్నెండో గీత మీద ఉంది.

మొదటి పది రోజులూ తల ప్రాణం తోకకొచ్చింది. రోజూ వస్తున్నాయి సరే, ఎన్నాళ్లొస్తాయో అని జనం రోజూ అన్ని గిన్నెలూ నింపారు, రోజూ పారబోశారు. కాలువ ఒకప్పుడు మూడు రోజులకోసారి పారేది, ఇప్పుడు రోజూ పారింది. కొలబద్ద తొమ్మిదికి దిగింది. ఇంజినీరు గారు ఎదురుపడినప్పుడల్లా కళ్లద్దాలు తుడుచుకుంటాడు. సర్వే అమ్మాయి రాత్రుళ్లు తన పుస్తకాలన్నీ తిరగేసింది, ఊళ్లో ఒక్క చెంబూ ఆ పుస్తకాలు చదవలేదు.

అందరికంటే గట్టిది అక్క. మంచం కింద, బీరువా పక్కన, స్నానాల గదిలో, వంటగట్టు మీద, పదిహేడు పాత్రలు నింపి మూతలు పెట్టింది. ఒక్కటి తగ్గించమని తమ్ముడు బతిమాలాడు.

"ఒరేయ్, నిన్ను పెంచింది నేను. నీ మాటెంతో నీ నీళ్లెన్నో నాకు తెలీదా? రేపు రాకపోతే నువ్వు మోసుకొస్తావా?"

"వస్తాయక్కా."

"మీ ఇంజినీరు సంతకం పెట్టాడా?"

నిజానికి ఆమె తప్పేం లేదు. ఇరవయ్యేళ్లుగా చివరి వీధికి నీళ్లు మూడు విడతల్లో ఒకటైనా ఎగ్గొట్టాయి. ఎగ్గొట్టింది తన తాళమే.

అందుకని ఆయన ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు. ఆరింటికి వాల్వులు తెరిచాడు, ఆరున్నరకు మూశాడు. పంపుహౌసులో పనిచేసే ఇంకో ఇద్దరిని ముందు వీధుల వాల్వుల దగ్గర నిలబెట్టి, వాళ్ల గడియారాలు తన గడియారంతో సరిచూశాడు. ఒళ్లు కాలిపోతున్న రోజున భార్య తలుపుకి అడ్డం నిలబడితే, ఆమె చెయ్యి పక్కకి తీసి వెళ్లాడు. "నా కాన్పుకి గంట ఆలస్యంగా వచ్చిన మనిషి ఈయన. ఇవాళ గొట్టాలకి నిమిషం ఆలస్యమైతే ప్రాణం పోతోంది" అని ఆమె పక్కింటావిడతో అంది. అందులో కోపం ఎంతో గర్వం ఎంతో ఆమెకే తెలియాలి.

పన్నెండో రోజున కాలువ మడమ లోతుకు వచ్చింది. పద్నాలుగో రోజున ఆరున్నరకు వాల్వు మూసేసరికి ట్యాంకులో ఇంకా నీళ్లున్నాయి. అలా మిగలడం ఆయన ఎరగడు. నిచ్చెనెక్కి స్వయంగా తొంగి చూశాడు. జనం కావలసినవి పట్టుకుని కుళాయి కట్టేస్తున్నారు. ఎవరూ కట్టేయమని చెప్పలేదు. రేపూ వచ్చే నీళ్ల కోసం ఇవాళ గిన్నెలు తోమడం ఎందుకని బద్ధకించారంతే. ఆ బద్ధకాన్ని చూసి సర్వే అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. బుద్ధులు చెప్పి బాగుచేయలేని మనిషిని, బద్ధకించడానికి వీలిచ్చి బాగుచేయడం అనే కిటుకు బాబాయికి అప్పుడు పూర్తిగా అర్థమైంది.

పదిహేడో రోజు పొద్దున అయిదుకి పంపుహౌసులో మోటారునీ పంపునీ కలిపే కప్లింగు బోల్టులు పుటుక్కున తెగాయి. ట్యాంకు సగం కూడా నిండలేదు. ఇంజినీరు గారు ఫోనులో అరిచాడు.

"మైకు తీసుకుని చెప్పెయ్, మోటారు పాడైందని. కింది మూడు వీధులూ ఆపెయ్. పైవాళ్లకైనా అందుతాయి."

కింది మూడు వీధులంటే ఏడు, ఎనిమిది, చివరి వీధి. మైకు పట్టుకుంటే ఏమవుతుందో బాబాయికి కళ్లకు కట్టింది. పది నిమిషాల్లో పై వీధుల్లో డ్రమ్ములన్నీ బయటికొస్తాయి, ట్యాంకు అక్కడే ఖాళీ అవుతుంది. పదిహేడు రోజుల నమ్మకం ఒక్క పూటలో గంగలో కలుస్తుంది. ఇక ఈ జన్మలో ఎవరూ నమ్మరు.

"సార్, ఈ ఒక్క పూట నాకొదిలెయ్యండి. తేడా వస్తే తాళం మీ బల్ల మీద పెట్టి ఇంటికి పోతాను" అని ఫోను పెట్టేశాడు. ఇంజినీరు గారి మాట మీద ఫోను పెట్టేయడం ఆయన సర్వీసులో అదే మొదలు.

ఆరింటికే తెరిచాడు. మొదటి వీధికి మూడు తిప్పుల బదులు ఒకటిన్నర. రెండో వీధికి రెండు. అలా అందరికీ సగం, చివరి వీధికి మాత్రం పద్నాలుగుకి పద్నాలుగు. అప్పుడు గానీ ఆ సన్నధార అక్కడిదాకా ఈదలేదు. రెండో వీధిలో ఒకావిడ బకెట్టు పట్టుకుని బయటికొచ్చింది.

"ఏంటి బాబాయ్, ఇవాళ ఇంత సన్నగా వస్తున్నాయి?"

అబద్ధం చెప్పడం ఆయన చేతకాదు. "మోటారు బోల్టులు తెగాయమ్మా. బిగిస్తున్నారు. రేపు ఆరింటికి మామూలే."

ఆమె ఒక క్షణం ఆలోచించింది. "సరేలే, రేపు ఉతుక్కుంటాను" అని, నిండిన బకెట్టు తీసుకుని కుళాయి కట్టేసి లోపలికి పోయింది. అడిగిన ప్రతి ఒక్కరికీ అదే నిజం చెప్పాడు. ఒక్కరూ డ్రమ్ము దొర్లించలేదు. ఆరూ ఇరవై రెండుకి చివరి వీధి వాల్వు మీద చెవి పెట్టి విన్నాడు. లోపల నీళ్లు వెళ్తున్నాయి. మర్నాడు ఆరింటికి, బిగించిన మోటారుతో, అందరికీ మామూలుగానే వచ్చాయి.

ముప్ఫయ్యో రోజున ఇంజినీరు గారు చెరువు గట్టు మీద నిలబడి కొలబద్దను చూశాడు. ఆరో గీత. పాత లెక్కన మూడుకీ నాలుగుకీ మధ్య ఉండాల్సింది. ఇప్పుడు వారానికి ఒక్క గీతే తగ్గుతోంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నువ్వు ఆ రోజు ఫోను పెట్టేశావు."

"పెట్టేశాను సార్. తప్పే."

"తప్పే" అన్నాడు ఇంజినీరు గారు. కళ్లద్దాలు సర్దుకుని, "లైను కట్టెయ్యం. రోజూ ఇలాగే వదులు" అని జీపెక్కాడు. వానలు ఇంకా పడలేదు, ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. కానీ ఆరు వారాలు ఆగగల నీళ్లున్నాయి.

ఆ మధ్యాహ్నం ఈ కబురు చెప్పడానికి బాబాయి అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె గడపలో కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఆయన నోరు తెరిచేలోపే ఎదురింటి పిల్లతల్లి పరుగున వచ్చింది. చంకలో పసిబిడ్డ, ఒళ్లంతా సబ్బు నురగ.

"పిన్నీ, బకెట్టు తన్నేశాడు వీడు. ఒక్క చెంబు ఉంటే ఇస్తావా?"

అక్క తలెత్తకుండానే గడ్డంతో వంటింటివైపు చూపించింది. "చెంబేం సరిపోతుంది. ఆ బిందె తీసుకెళ్లు."

పిల్లతల్లి బిందె తీసుకెళ్లింది. బాబాయి వంటింట్లోకి తొంగి చూశాడు. ఇంకో బిందె లేదు. మంచం కింద చూశాడు. అక్కడ చీపురు, ఒక పాత చెప్పుల జత ఉన్నాయి. తనకు ఊహ తెలిసినప్పటినుంచీ అక్క ఎవరికీ ఒక్క గ్లాసు నీళ్లు మనసారా ఇచ్చింది లేదు. చిన్నప్పుడు తను పక్కింటి పిల్లలకు తాగడానికి ఇచ్చాడని వీపు మీద చరిచింది కూడా. అప్పట్లో అది పిసినారితనం అనుకున్నాడు.

"అక్కా, సాయంత్రానికి?"

"చెంబెడు ఉన్నాయిలేరా. పొద్దున వస్తాయిగా." ఆ మాట అనేసి ఆమె చీర అంచు అందించింది, మడతకు పట్టుకోమని. ఆయన పట్టుకున్నాడు. తెచ్చిన కబురు చెప్పనే లేదు. కళ్లు నిండడం ఆమె చూడకుండా చీర ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు.

మర్నాడు బాబాయి అయిదుంబావుకే వెళ్లి ట్యాంకు చూశాడు, మోటారు చూశాడు, బోల్టులు వేళ్లతో తడిమి చూశాడు. ఆరుకు పది నిమిషాల ముందే వాల్వు మీద తాళం పెట్టి నిలబడ్డాడు. కింద చివరి వీధిలో ఒక ఇంట్లో చెంబెడు నీళ్లే ఉన్నాయి, అక్క నిశ్చింతగా నిద్రపోతోంది.